నడుం బేరం

మా అపార్టుమెంటులో రెండో అంతస్తు కుర్రాడు ఈమధ్య సైకిలు తొక్కడం మొదలుపెట్టాడు. ఆఫీసుకి కాదు, కూరగాయలకి కాదు, ఊరికే. ఆదివారం పొద్దున్నే నెత్తిన బుర్రకాయ టోపీ ఒకటి పెట్టుకుని హైవే ఎక్కుతాడు, ఎండెక్కేసరికి తిరిగొస్తాడు. మొన్న లిఫ్టులో కనబడ్డాడు. గోడకి ఆనుకుని రెండు బొటనవేళ్లతో తొడ నొక్కుకుంటున్నాడు.

"ఏంటి నాయనా, పడ్డావా?" అన్నాను.

"లేదాంటీ. తొడలు పట్టేశాయి. నడుం సంగతి ఇక అడక్కండి," అన్నాడు నవ్వుతూ. "బాగా తొక్కినట్టు గుర్తు."

కొట్లో పుట్టి పెరిగినదాన్ని. ఏ వస్తువు ఎంత చేస్తుందో చూపుతోనే కట్టేస్తాను. కానీ డబ్బు పోసి నొప్పి కొనుక్కుని, లాభం వచ్చినట్టు మొహం పెట్టే బేరం మాత్రం నాకు అంతుపట్టలేదు. వాడు దిగిపోయాడు. నేను దిగాల్సిన చోటు దాటి పైకి పోయాను. వాడు నొక్కుకున్న చోటు నాకు బాగా తెలుసు. మోకాలికి జానెడు పైన, బయటివైపు. అక్కడ కండ గట్టిపడితే ఎలా ఉంటుందో నా అరికాళ్లకి ఇప్పటికీ గుర్తే.

మా నాన్న సైకిలు మీద లైను తిరిగేవాడు. లైనంటే ఇప్పటివాళ్లకి చెప్పాలి. బజార్లో మాకో చిన్న కొట్టుండేది, అందులో అమ్మ కూర్చునేది. నాన్న పొద్దున్నే క్యారేజీ మీద గోతాం, దాని మీద అట్టపెట్టె, హ్యాండిలుకి అటూ ఇటూ సంచులు కట్టుకుని, చుట్టుపక్కల పల్లెల్లో ఉన్న బంకులకీ చిల్లర కొట్లకీ సరుకు వేస్తూ పోయేవాడు. బట్టల సబ్బులు, టీపొడి, అగ్గిపెట్టెలు, బీడీ కట్టలు, కొబ్బరినూనె సీసాలు. రోజుకో దిక్కు. ఆదివారం సెలవు, అదీ సైకిలుకే. దాన్ని బోర్లించి చైనుకి నూనె పోస్తూ, మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేవాడు.

సాయంత్రం నాన్న వచ్చాడని చూడకుండానే చెప్పేదాన్ని. ముందు సబ్బు వాసన, దాని వెనక బీడీ ఆకు వాసన, ఆ వెనక చెమట. మిరప కోతల రోజుల్లో వీటన్నిటినీ తోసుకుంటూ ఘాటు వచ్చేది. కల్లాల పక్కగా వచ్చేవాడు కదా, చొక్కా దులిపితే ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్లం. పత్తి బళ్లు తిరిగే రోజుల్లో తుమ్మకంపలకి చిక్కుకున్న దూది సైకిలు చువ్వలకి చుట్టుకుని వచ్చేది. దాన్ని ఏరి అమ్మ దీపానికి వత్తులు చేసేది. మా ఇంట్లో ఏదీ ఊరికే పోదు.

"వచ్చేటప్పుడు సరుకుండదుగా నాన్నా, హాయిగా వచ్చేయొచ్చుగా?" అని ఒకసారి అడిగాను.

"పోయేటప్పుడు బరువు, వచ్చేటప్పుడు ఎదురుగాలి," అన్నాడు. "దేవుడు కాటా ఎప్పుడూ సమంగానే తూస్తాడే."

వానాకాలం ఇంకో రకం. మావైపు రేగడి నేల. తడిస్తే చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య బంకలా పట్టేసి చక్రం తిరగదు. పుల్ల పెట్టి గీకాలి, పది గజాలు నడవాలి, మళ్లీ గీకాలి. అదీ కాకపోతే సైకిలునే భుజాన వేసుకోవాలి. "ఇన్నాళ్లూ అది నన్ను మోసింది, ఈ రోజు నా వంతు," అనేవాడు. పాత బాకీ తీర్చినవాడి మొహం పెట్టి.

ఇక నా సంగతి. నేను ఎదురుకాళ్లతో పుట్టాను. తల ముందు రావాల్సింది పోయి కాళ్లు ముందొచ్చాయట, అమ్మ చచ్చి బతికిందట. అలా పుట్టినవాళ్లు తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందని మావైపు గట్టి నమ్మకం. దాంతో ఒక్క అక్షరం చదవకుండానే బజారు మొత్తానికి నేను డాక్టర్ని. కొట్టు ముందు అరుగు మీద ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవాళ్లు. నేను దర్జాగా పావడా ఎగ్గట్టి, కిటికీ ఊచ పట్టుకుని ఎక్కేదాన్ని.

పక్కన బెల్లం కొట్టు పెదనాన్న నాకు శాశ్వత రోగి. మాకు చుట్టం కాదు, బజారు వరసన పెదనాన్న.

"ఏమే డాక్టరమ్మా, ఒకసారి ఎక్కిపో."

"ఏం పెడతావ్?"

"పెద్దోణ్ణి తొక్కితే పాపమే. పైగా పెట్టేదేందే?"

"ఆ పాపానిక్కూడా కలిపి పెట్టు. బెల్లం ముక్క పెద్దది."

"ఒరేయ్ తమ్ముడూ!" అని ఆయన నాన్నని కేకేసేవాడు. "నీ కూతురు పుట్టేటప్పుడే కాళ్లు ముందుపెట్టి బేరానికొచ్చిందిరా!"

నాన్న దగ్గర ఫీజు వేరు. పిప్పరమెంట్లు. ఎడమ కాలికొకటి, కుడి కాలికొకటి, నడుముకి రెండు. నడుముకి ఒకటే ఇస్తానని ఆయన, నడుం వెడల్పెక్కువని నేను. చివరికి నాకు రెండూ దక్కేవి, ఆయనకి నన్ను ఓడించలేకపోయానన్న బాధ మిగిలేది. అలా నటించేవాడని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

పెరుగన్నంలో పండుమిరప పచ్చడి నంజుకుని తిన్నాక, వసారాలో చాప పరిచి బోర్లా పడుకునేవాడు. మడమల దగ్గర మొదలుపెట్టి పైకి నడిచేదాన్ని. పిక్కలు నిమ్మకాయల్లా కాళ్ల కింద తప్పుకునేవి. తొడలు రోకళ్లలా ఉండేవి. నడుం దగ్గర వెన్నుకి అటొకటి ఇటొకటి మోకుల్లాంటి కండలు, వాటి మీద కాలు పెడితే ఆయన "హమ్మా" అని, వెంటనే "అక్కడే, అక్కడే" అనేవాడు. కొన్నాళ్లకి ఆయన చెప్పకుండానే ఏ ఊళ్లు తిరిగొచ్చాడో నా కాళ్లకి తెలిసిపోయేది. తొడలు బిగుసుకుంటే పడమటి మెట్ట ఊళ్లు, ఎక్కుడు ఎక్కువ. భుజాలూ నడుమూ బిగుసుకుంటే రేగడి దారి.

"ఇవాళ మెట్టకి పోయావు," అనేదాన్ని.

"నీ కాళ్లకి కళ్లున్నాయే తల్లీ," అనేవాడు.

ఆ ఏడు మిరప కోతలు మొదలయ్యాయి. మా లైనుకి ఏడాది మొత్తంలో అదే పంట. దూరప్రాంతాల నుంచి కూలీలు సంసారాలతో వచ్చి చేల గట్ల మీద పాకలు వేసుకుంటారు. సబ్బు, టీపొడి, బీడీలు ఎన్ని వేసినా బంకుల్లో చాలవు. ఆ రెండు మూడు నెలలు తొక్కిన తొక్కుడే మా ఇంటికి మిగతా సంవత్సరం. నాన్న రోజుకి రెండు ఖేపులు వేస్తున్నాడు.

ఒక సాయంత్రం తొక్కుతూ కుడి తొడ మీదకి వెళ్లాను. కాలు దిగబడింది. ఎడమ తొడ ఎప్పట్లా రోకలే. కుడిది మాత్రం పరుపులా ఉంది.

"నాన్నా, ఈ కాలు మెత్తగా ఉందేంటి?"

"నువ్వు పెద్దదానివవుతున్నావు, బరువెక్కావు. తొక్కు."

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి వచ్చి రెండు చేతులతో ఆయన ఎడమ తొడ చుట్టూ పట్టుకుంది. వేళ్లు అందలేదు. కుడి తొడ పట్టుకుంది. వేళ్లు అందాయి. పొయ్యి దగ్గరికి వెళ్లి ఆముదం కాచడం మొదలుపెట్టింది.

అప్పుడు బయటపడ్డాయి ఒక్కొక్కటే. పిర్ర దగ్గర్నుంచి మడమ దాకా కరెంటు పాకినట్టు ఉంటోందట, ఎన్నాళ్లుగానో. కుడి కాలి చెప్పు దారిలో జారిపోతోందట, జారినట్టు కూడా తెలియడం లేదట. చెప్పులు కుట్టినవాడు పట్టీ వదులుగా వేశాడని నాన్న అతనితో తగువేసుకుని కొత్త పట్టీ కూడా వేయించుకున్నాడు. ఇదంతా సైకిలు తొక్కేవాడికి ఉండేదే అన్నాడు. అమ్మ ఆముదం పట్టించింది, ఇసక వేయించి మూట కట్టి కాపడం పెట్టింది, పెదకాకాని శివుడికి మొక్కుకుంది. ముందు అభిషేకం అంది, కాసేపు ఆలోచించి, కాలు పూర్తిగా బాగైతే అన్నదానం కూడా అని కలిపింది. సరుకు చేతికొచ్చాకే మిగతాది అన్నమాట. మా ఇంట్లో దేవుడితోనూ అంతే.

నేను రోజుకి రెండుసార్లు తొక్కాను. పిప్పరమెంట్లు అడగలేదు. బజారు మొత్తాన్ని బాగుచేసినదాన్ని, మా నాన్నకి తగ్గకపోవడమేంటని పట్టుదలగా తొక్కాను. తగ్గలేదు.

కోతల మధ్యలో కొట్టు మూయడానికి లేదు కాబట్టి గుంటూరు ఆస్పత్రికి నాన్నతో నేను వెళ్లాను. ఎముకల డాక్టరు గారు నెమ్మదస్తుడు. నాన్నని పడుకోబెట్టి కాలు పైకెత్తారు. కొంచెం లేచేసరికి నాన్న బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఎంత నొప్పిగా ఉంది?"

"ఏదో, కొద్దిగానండీ," అన్నాడు నాన్న. బల్ల అంచు వదల్లేదు. అసలు మాట ముందే చెప్పేస్తే అవతలివాడు ధర పెంచుతాడని మా నాన్నకి భయం.

"ఎన్నాళ్ల నుంచి తొక్కుతున్నారు బరువేసుకుని?"

"పెళ్లికి ముందు నుంచండీ."

నేను ఉండబట్టలేక నా వైద్యం సంగతి చెప్పాను. డాక్టరు గారు నవ్వారు. "నీ తొక్కుడు వల్ల వచ్చింది కాదమ్మా, నీ తొక్కుడుకి పోయేదీ కాదు. ఇక ఎక్కకు." తర్వాత నాన్నతో అన్నారు, "వెన్నులో నరం నొక్కుకుపోయింది. తొడ కండ కరిగిపోతోంది. మూడు నెలలు చెక్కబల్ల మీద పడుకోవాలి. సైకిలు ముట్టుకోకూడదు. ఆ తర్వాత చూద్దాం."

నాన్న మొహంలోకి ఒక నవ్వొచ్చింది. ఆ నవ్వు నాకు తెలుసు. గుమాస్తాల దగ్గర, హోల్‌సేలు కొట్ల దగ్గర చూశాను.

"మూడనేది మీరు చెప్పే ధరండీ," అన్నాడు. "ఇచ్చే ధర చెప్పండి."

"ఏంటండీ?"

"కోతల సీజనండీ. మూడు నెలలు పడుకుంటే లైను ఇంకోడు ఎత్తుకుపోతాడు. పదిహేను రోజులకి చేసెయ్యండి."

"ఇది బేరమాడే వస్తువు కాదండీ," అన్నారు డాక్టరు గారు.

నాన్న చొక్కా సర్దుకున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. "సరేనండీ, నమస్కారం," అని లేచి తలుపు వైపు నడిచాడు, నిదానంగా. నాకు అర్థమైపోయింది. మా బజార్లో దీన్ని గుమ్మం బేరం అనేవాళ్లం. కొనేవాడు లేచి గుమ్మం దాకా నడవాలి. వెనక్కి తిరక్కూడదు. అమ్మేవాడు పిలిచాడా, దిగినట్టే. పిలవలేదా, అదే అసలు ధర.

కాలు గడప మీద పెట్టాం.

"ఇదిగో, ఉండండి," అని పిలిచారు డాక్టరు గారు.

నాన్న నా చెయ్యి నొక్కాడు.

"అసలు పడుకోకుండా పోతే కాలే పోతుందండీ. కనీసం ఒక నెలన్నా పడుకోండి. నెలన్నా."

"అదీ మాట," అన్నాడు నాన్న.

బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు కొనిపెట్టాడు. బస్సులో సీటంచున ఒక పక్కకి ఒరిగి కూర్చుని, కుదుపు తగిలినప్పుడల్లా కళ్లు మూసుకుంటూ, కళ్లు తెరిచినప్పుడల్లా నన్ను చూసి నవ్వుతూ వచ్చాడు. మాకు పట్టలేని గర్వం. మూడు నెలలదాన్ని నెలకి కొట్టుకొచ్చాం. ఆయన పిలిచింది ధర తగ్గించడానికి కాదనీ, ఒక మొండివాడు ఏ మందూ తీసుకోకుండా పోతున్నాడే అని పిలిచారనీ మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. గుమ్మం దగ్గర వెనక్కి పిలవడానికి ఇంకో అర్థం ఉంటుందని మాకు ఎవరూ నేర్పలేదు.

బజారుకి చేరగానే పెదనాన్న చప్పట్లు కొట్టాడు. "డాక్టరు దగ్గర రెండు నెలలు తెగ్గొట్టావా! ఒరేయ్ తమ్ముడూ, నువ్వు మిర్చి యార్డులో ఉండాల్సినోడివిరా!"

అమ్మ మాత్రం అడిగింది, "ఆయన మందిచ్చాడా, సరుకిచ్చాడా?"

చెక్కబల్ల మీద పడుకున్నాడు. తలకి పక్కన రేడియో, కాళ్ల దగ్గర గోడకానించిన సైకిలు. మొదటి వారం బుద్ధిగానే ఉన్నాడు. ఆ తర్వాత బస్సు దిగి వచ్చేవాళ్లు కబుర్లు మోసుకురావడం మొదలుపెట్టారు. ఎవరో కుర్రాడు మోపెడు మీద సబ్బులు వేస్తున్నాడట. మనకంటే పొద్దున్నే వస్తున్నాడట. వర్షం పడ్డా వస్తున్నాడట. నాన్న పైకప్పు చూస్తూ వినేవాడు. ఇక రాత్రిళ్లు అమ్మతో బేరం మొదలైంది.

"నెలన్నాడు గానీ ఏ నెలో చెప్పాడా? ఫిబ్రవరి కూడా నెలే."

"ఫిబ్రవరికైనా ఇంకా రోజులున్నాయండీ."

"పడుకున్న రాత్రుళ్లు కూడా కలపవే. పగలొకటి, రాత్రొకటి. ఈపాటికి నెల దాటింది."

"మీరు నాతో గెలిస్తే ఏమొస్తుందండీ? కాలుతో గెలవండి," అంది అమ్మ. ఆమె కోపంగా మాట్లాడటం నేను చాలా అరుదుగా విన్నాను. అది అందులో ఒకటి.

ఒక పొద్దున నేను నిద్ర లేచేసరికి నాన్న గోతాం కట్టేస్తున్నాడు. అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడూ కుడి కాలు వెనక నుంచి తిప్పి ఒక్క ఊపున ఎక్కే మనిషి. ఆ రోజు కాలు క్యారేజీ దాకా లేవలేదు. నన్ను సైకిలు పట్టుకోమని, అరుగెక్కి, అక్కడి నుంచి కుడి కాలిని చేత్తో ఎత్తి బారు దాటించి కూర్చున్నాడు. వీధి మలుపు దాకా చూశాను. బాగానే తొక్కుతున్నాడనిపించింది. ఇప్పుడు తెలుస్తోంది, ఎడమ కాలే తొక్కుతోంది, కుడిది పెడలుతో పాటు ఊరికే తిరుగుతోంది.

మధ్యాహ్నం మిరపకాయల బండి ఒకటి కొట్టు ముందు ఆగింది. బస్తాల మీద సైకిలు, సైకిలు పక్కన నాన్న. ఎర్రటి దుమ్ము ఒళ్లంతా. కళ్ల నుంచి ధారగా నీళ్లు. పెదనాన్న, బండి తోలే ఆయన కలిసి దింపారు.

"ఏందిరా తమ్ముడూ, ఏడుస్తున్నావా?"

"ఘాటు," అన్నాడు నాన్న.

కాలువ కట్ట దిగేచోట పడిపోయాడట. "కాలు పెడలు మీద లేదని నాకు తెలీలేదే," అన్నాడు అమ్మతో. అదే మాట మూడు నాలుగుసార్లు అన్నాడు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు.

వసారాలో చాప మీద బోర్లా పడుకోబెట్టాం. కాసేపటికి నన్ను పిలిచాడు.

"ఎక్కవే."

"డాక్టరు వద్దన్నాడుగా నాన్నా."

"మెల్లిగా ఎక్కు. కుడి కాలు మీద."

అమ్మ వైపు చూశాను. తల ఊపింది. గోడ పట్టుకుని కుడి పిక్క మీద ఒక పాదం పెట్టాను, తర్వాత రెండోది. కింద కండ లేదు. చర్మం, ఎముక. పూర్తి బరువు వేసి నిలబడ్డాను.

"ఎక్కమ్మా," అన్నాడు నాన్న.

"ఎక్కాను నాన్నా."

ఆయన తల తిప్పి చూశాడు. నా పాదాలు ఎక్కడున్నాయో చూశాడు. మళ్లీ మొహం చాపకి ఆనించేశాడు.

రెండోసారి గుంటూరు వెళ్లినప్పుడు అమ్మ కూడా వచ్చింది, కొట్టు మూసి. డాక్టరు గారు గుండుసూదితో పాదం మీద అక్కడక్కడా తాకించారు. నాన్న కళ్లు మూసుకుని ఉన్నాడు, ఒక్క చోటా ఉలకలేదు. ఆయన సూది పక్కన పెట్టేలోపే నాన్న మొదలుపెట్టాడు, "మూడు నెలలు పడుకుంటానండీ. ఆరు నెలలైనా పడుకుంటాను. మీరు చెప్పినంతా."

డాక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మద్రాసు తీసుకెళ్లి ఆపరేషను చేయిస్తే నొప్పి తగ్గుతుందన్నారు. పాదం మాత్రం లేవదన్నారు. పోయిన తొడ రాదన్నారు.

"సైకిలు?"

"లేదండీ."

"అది చివరి మాటేనా అండీ?" అన్నాడు నాన్న.

"చివరి మాటేనండీ."

మద్రాసులో ఆపరేషనయ్యాక నొప్పి అయితే తగ్గింది. సైకిలుని పెదనాన్న తమ్ముడి కొడుకు తీసుకెళ్లాడు. లైను మొత్తం మోపెడు కుర్రాడిదైంది. కొన్నాళ్లకి కంపెనీల వ్యాన్లే పల్లెలకి రావడంతో ఆ కుర్రాడూ మానేశాడు. నాన్న కొట్లో అమ్మ పక్కన కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు, కుడి కాలు ఒక బస్తా మీద పెట్టుకుని.

ఒక రోజు నేను బడి నుంచి వచ్చేసరికి కొట్టు ముందు ఒక ముసలావిడ ఉంది. లైనులో ఒక ఊరి చివర చర్చి పక్కన బంకు పెట్టుకున్న మనిషి. బస్సెక్కి తనే సరుక్కి వచ్చింది. నాన్నకి ఆవిడంటే భయమూ ఇష్టమూ. ఒక్క సబ్బు దగ్గర పూట గడిపేస్తుందని ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పేవాడు.

"ఏందయ్యా, మా ఊరి దారి మర్చిపోయావా?" అంటూ ఒక సబ్బు కడ్డీ చేతిలోకి తీసుకుంది. "ఎంత?"

నాన్న చెప్పాడు.

"సగానికియ్యి."

నాన్న ఆ కడ్డీ అందుకుని కాగితంలో చుట్టి ఆవిడ ముందు పెట్టాడు. "తీసుకెళ్లమ్మా."

ఆవిడ చెయ్యి చాచింది గానీ తీసుకోలేదు. "అట్టా గాదయ్యా. 'సగమా, సిగ్గుండాలి' అని తిట్టాలి గదా నువ్వు."

నాన్న పొట్లాన్ని ఇంకాస్త ముందుకి జరిపాడు.

"పోనీ, ఇంకో అర్ధ రూపాయి వేస్తా." ఆగింది. ఆయన వైపు చూసింది. బస్తా మీద ఉన్న కాలు వైపు చూసింది. "సర్లే, ముప్పాతిక్కి ఖాయం చెయ్యి." మళ్లీ ఆగింది. "ఏందయ్యా, ఎక్కువంటావా? సరే, నువ్వు చెప్పిందే. నువ్వు చెప్పిందే ఇస్తా, చాలా?"

ఒక్కతే రెండు పక్కలా బేరమాడి, మొత్తం ధర గల్లాపెట్టె మీద పెట్టి, పైట చెంగుతో మొహం తుడుచుకుంటూ వెళ్లిపోయింది. సబ్బు మర్చిపోయింది. నేను పరిగెత్తి ఇచ్చి వచ్చాను.

నాన్న ఇంకా చాలా ఏళ్లు ఆ కొట్లో కూర్చున్నాడు. ఎవరు ఎంతకడిగితే అంతకిచ్చేవాడు. అమ్మ ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు.